తుపాకి గుండు, బొంగరము



2012లో లండన్ ఒలింపిక్సునందు, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకము గెలిచెను. ఆ సంగతి తరగతిలో చెప్పుచుండగా బాలుడొకడు, “అయ్యా, తుపాకికిని రైఫిలుకును భేదమేమి?” అని మమ్ము అడిగెను. నాడు ఒక్క మాటతో సరిపెట్టితిమి. ఆ అప్పును నేడు తీర్చుకొనుచున్నాము.

గొట్టము లోపల మెలికలు తిరిగిన గాడులున్న పొడుగు తుపాకియే రైఫిలు. గుండు ఆ గాడుల నొరసికొనుచు, గిరగిర తిరుగుచు బయటపడును. ఈ తిరుగుడే గుండును ముందుకు త్రోయునని పలువురు తలంతురు. అది పొరపాటు. త్రోయునది మందు మండగా పుట్టిన వాయువుల ఒత్తిడి. తిరుగుడు చేయు పని వేరు.

పూర్వపు సీసపు ఉండ గుండ్రనిది. దానికి ముందు వెనుకలు లేవు. నేటి గుండు పొడవైనది, కొనదేరినది. ఎదురుగాలి ఒత్తిడి దాని బరువు కేంద్రమునకు ముందుగా పనిచేసి, దానిని పల్టీ కొట్టింపజూచును. మన సుబ్రహ్మణ్యస్వామి తిరునాళ్లలో కొన్న బొంగరమును ఊరక నిలిపినచో పడిపోవును. తాడు చుట్టి విసరినచో నిలుచును. పడద్రోయు బలము దానిని పడవేయలేక, తలను మాత్రము మెల్లగా చుట్టు త్రిప్పును. గుండు సంగతియు నంతే.

చిరకాలము మన పోలీసుల చేతులలోను, ఎన్.సి.సి. బాలుర చేతులలోను మెలగిన త్రీనాట్‌త్రీ రైఫిలును చూడుడు. దాని గాడి 10 అంగుళములకు ఒక చుట్టు తిరుగును. గుండు వేగము సెకనుకు 2,440 అడుగులు, అనగా 29,280 అంగుళములు. పదిచే భాగించిన సెకనుకు 2,928 చుట్లు! ఏ బొంగరము అంత తిరిగినది?

గుండు పొడవైన కొలది ఎక్కువ తిరుగుడు కావలెను. 1910 నాటి ఏడవ మార్కు గుండు కొనయందు సీసమునకు బదులు తేలికైన అల్యూమినియము నుంచి, వెనుక సీసము నింపి, పైన లోహపు తొడుగు వేసిరి. గుండు పొడవు పెరిగెను, బరువు వెనుకకు జరిగెను. గాలిలో తిరుగుడు దానిని నిలుపును. గాలికంటె ఎన్నో వందల రెట్లు దట్టమైన దేహమున దూరినప్పుడు ఆ తిరుగుడు చాలదు. గుండు తలక్రిందులై గాయమును పెద్దది చేయును. దేహమున విచ్చుకొను డమ్‌డమ్ వంటి గుండ్లను 1899లో హేగ్ సభ నిషేధించెను. ఇది విచ్చుకొనదు, తిరుగబడును. కనుక ఆ నిషేధమునకు చిక్కలేదు. శాస్త్రము చెప్పుచు ఈ మాట దాచుట మాకు ఇష్టము లేదు.

గాలి దట్టమైనను చిక్కే. అమెరికా వారి ఎం-16 రైఫిలునకు మొదట 14 అంగుళములకు ఒక చుట్టు పెట్టిరి. గడ్డకట్టు చలిలో గాలి దట్టమగుటచే గుండు తడబడెను. 12 అంగుళములకు మార్చిరి. పిమ్మట పొడవైన గుండ్లు రాగా 7 అంగుళములకు తగ్గింపవలసి వచ్చెను.

ఇక నారంగ్ వాడిన రకపు గుండు 4.5 మిల్లీమీటర్ల సీసపు ముక్క. దానిని త్రోయునది మందు గాదు, బిగించిన గాలి. తల బరువు, నడుము సన్నము, వెనుక బోలు. బాణమునకు ఈకలవలె దాని వెనుక అంచును గాలి పట్టి నిలుపును. గాడుల తిరుగుడు అందుకు తోడు. బుడబుక్కలవాని డమరుకమును చూచిన వారికి దాని రూపము బొమ్మ గీసి చూపనక్కరలేదు.