కుండీ మార్చే రోజే వేర్లు చూడండి

నీళ్లు పోస్తున్నా మందారం వాడిపోతూ, ఆకులు పసుపు రంగుకు తిరుగుతుంటే చాలామంది ఎరువు చాలలేదనుకుంటారు. అసలు కారణం మట్టిలో ఉండొచ్చు. కుండీ మార్చేటప్పుడు మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీసి వేర్లు పరిశీలించండి.

వేర్లకు, కుండీ లోపలి గోడకు తెల్లటి దూదిలాంటి పొడి అంటుకుని ఉంటే అది పిండినల్లి. ఆకుల మీదే కాదు, వేర్ల మీదా బతికే రకాలున్నాయి. అడుగు రంధ్రం దగ్గర చీమలు బారులు తీరితే ముందే అనుమానించాలి. పిండినల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు దాన్ని కాపాడతాయి, పక్క మొక్కలకు మోస్తాయి కూడా.

మట్టిలో తెల్లగా, గోధుమరంగు తలతో, ముడుచుకుని పడుకున్నవి కనిపిస్తే అవి వేరుపురుగులు. మాగని పశువుల ఎరువుతో ఇవి తరచూ వస్తాయి. ఏరేయండి. వానపాములను మాత్రం దయచేసి వదిలేయండి.

పిండినల్లి కనిపిస్తే పాత మట్టి దులిపి, వేర్లను నీటిధారతో కడిగి, కుళ్లినవి కత్తిరించండి. కుండీని సబ్బునీళ్లతో రుద్ది ఎండబెట్టండి. కొత్త మట్టిలో బాగా మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. మొక్క నిలదొక్కుకున్నాక లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బుద్రావణం కలిపి సాయంత్రం పూట మొక్క మొదట్లో పోయండి.

పురుగు పట్టిన మట్టిని మరో కుండీలో వేయకండి. ఈ మొక్కను కొన్ని వారాలు మిగతావాటికి దూరంగా, నీడన ఉంచండి.