రోగి గదిలో మొక్క ఉండవచ్చా?

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



 మీ వారి మంచం పక్కన రాత్రింబవళ్ళు కాచుకుని ఉండి కూడా ఈ కాసేపు ఇక్కడికి వచ్చి కూర్చున్నందుకు కృతజ్ఞతలు.

ఈ రోజు మనం గాలి గురించి మాట్లాడుకుందాం. డిశ్చార్జి రోజున చాలామంది మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు: "ఇంట్లో రోగి పడుకునే గదిలో మొక్కలు ఉండవచ్చా?" కొందరు, "రాత్రిపూట మొక్కలు చెడు గాలి వదులుతాయట కదా, కుండీలన్నీ బయట పెట్టేస్తాం" అంటారు. మరికొందరు, "ఫలానా మొక్క రాత్రింబవళ్ళు ఆక్సిజన్ ఇస్తుందట, ఆయాసంతో ఉన్న మా నాన్నగారి గదిలో నాలుగు పెడితే సరిపోతుందా?" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, పొరపాటు అంతకన్నా ఎక్కువ ఉంది.

మొక్క గాలిని ఎలా వాడుకుంటుంది?

ఆకుల మీద, ముఖ్యంగా అడుగుభాగాన, కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వీటిని పత్రరంధ్రాలు అంటారు. వెలుతురు ఉన్నప్పుడు మొక్క వీటి ద్వారా గాలిలోని కార్బన్ డయాక్సైడును, అంటే చిన్నప్పుడు మనం పాఠాల్లో చదువుకున్న బొగ్గుపులుసు వాయువును, తీసుకుంటుంది. వేళ్ళు పంపిన నీటితో కలిపి ఆహారం తయారుచేసుకుని ఆక్సిజన్‌ను బయటికి వదులుతుంది. ఇదే కిరణజన్య సంయోగక్రియ.

దీనితోపాటు మొక్క మనలాగే ఊపిరి కూడా పీలుస్తుంది. ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఈ పని పగలూ రాత్రీ ఆగదు. పగలు వదిలే ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి ఇది మనకు తెలియదు. చీకటి పడ్డాక ఆహారం తయారీ ఆగిపోతుంది, ఊపిరి మాత్రం మిగులుతుంది.

ఈ సంగతి మనుషులకు మెల్లగా తెలిసింది. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే సంఘకాపరి, కొవ్వొత్తి మండి ఆరిపోయిన గాలిలో ఒక పుదీనా రెమ్మను ఉంచాడు. పది రోజుల తర్వాత అదే గాలిలో కొవ్వొత్తి మళ్ళీ మండింది. 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ అనే డచ్చి వైద్యుడు, ఈ మేలు జరగాలంటే వెలుతురు ఉండాలని, చీకట్లో మొక్కలు గాలిని చెడగొడతాయని చూపించాడు. రాత్రిపూట మొక్కలంటే భయం అప్పటినుంచి బాగా వ్యాపించింది.

ఎంత వదులుతుంది?

ఇక్కడ లెక్క చూడాలి. విశ్రాంతిగా పడుకున్న పెద్ద మనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఎనిమిది గంటల రాత్రికి దాదాపు 100 లీటర్లు. ఒక చిన్న కుండీ మొక్క రాత్రంతా వదిలేది ఒక గ్లాసుకు మించదు. అంటే పక్కన చాప వేసుకుని పడుకున్న మీరొక్కరే కొన్ని వందల కుండీలతో సమానం! రోగికి తోడుగా మీరు పడుకోవడం ప్రమాదం కానప్పుడు, మూలన ఉన్న మొక్క ఎలా ప్రమాదమవుతుంది? నర్సింగ్ వృత్తికి దారి చూపిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లోనే ఈ భయం అర్థం లేనిదని తన పుస్తకంలో రాసింది. గదిలోకి బయటి గాలి రావడమే రోగికి మొదటి అవసరమని ఆమె గట్టిగా చెప్పింది.

మొక్క ఆక్సిజన్ సిలిండరుకు బదులు కాదు

అదే లెక్క రెండో మాటకూ వర్తిస్తుంది. ఒక మనిషికి గంటకు సుమారు 15 లీటర్ల ఆక్సిజన్ కావాలి. అంత ఇవ్వాలంటే వందలాది కుండీలు మంచి ఎండలో ఉండాలి. రాత్రిపూట ఏ మొక్కా ఆక్సిజన్ వదలదు. కలబంద, నాగజెముడు, స్నేక్ ప్లాంట్ వంటివి రాత్రి పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడును దాచుకునే మాట నిజమే. కానీ దానితో ఆహారం చేసి ఆక్సిజన్ తయారుచేసేది మళ్ళీ వెలుతురు వచ్చాకే.

కొన్ని మొక్కలు ఇంటి గాలిలోని రసాయనాలను పీల్చేస్తాయని కూడా వింటుంటాం. ఈ ప్రచారానికి ఎక్కువగా ఆధారం 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వెలువరించిన నివేదిక. ఆ పరీక్షలు గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగాయి. అటువంటి పరిశోధనలన్నీ కలిపి 2019లో లెక్క కట్టినప్పుడు, మామూలుగా ఇంట్లోకి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది.

ఇది నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2021లో కోవిడ్ రెండో విడతలో, ఉత్తరప్రదేశ్‌లో కొందరు రోగులు ఆక్సిజన్ కోసం రావిచెట్ల కింద పడుకున్నారని పత్రికల్లో వచ్చింది. ఆస్పత్రిలో చోటు దొరకని వారి కష్టాన్ని తప్పుపట్టలేం. అయితే దయచేసి గుర్తుంచుకోండి: మీ వారికి ఆయాసం పెరిగినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, మొక్కను నమ్ముకుని గంటలు పోగొట్టకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ వాడమంటే చెప్పినంత వాడండి.

మరి గదిలో గాలిని పాడుచేసేది ఏది?

మొదటిది పొగ. కట్టెల పొయ్యి, బీడీ, సిగరెట్, అగరువత్తి, దోమల చుట్ట. ఒక దోమల చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నని ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. మొక్కను బయట పెట్టి, కిటికీలు మూసి, మంచం కింద దోమల చుట్ట వెలిగించే ఇళ్ళు మన దగ్గర ఎన్నో ఉన్నాయి!

రెండోది బొగ్గుల కుంపటి. బాలింతకు చలి తగలకూడదని గది తలుపులు బిగించి లోపల కుంపటి పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలోనే తల్లీబిడ్డల ప్రాణాలు తీయగలదు. మూసిన గదిలో కుంపటి ఎన్నడూ పెట్టవద్దు. బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టవద్దు.

మూడోది రోగక్రిములు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు క్రిములు గాలిలో తేలుతూ ఉంటాయి. మూసిన గదిలో అవి పోగుపడతాయి, కిటికీ తీస్తే చెదిరిపోతాయి. పెరూ దేశపు లీమా నగరంలోని ఆస్పత్రులలో చేసి 2007లో ప్రకటించిన పరిశోధనలో, కిటికీలు, తలుపులు తెరిచిన గదుల్లో గాలి గంటకు సుమారు 28 సార్లు మారుతోందని, యంత్రాలతో గాలి పంపే గదుల్లో 12 సార్లేనని తేలింది. ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీలు ఉన్న పాత కట్టడాలే మెరుగ్గా ఉన్నాయి. మందులు లేని రోజుల్లో మన పెద్దలు ఈ దారినే నడిచారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వివిధ మిషన్లు కలిసి క్షయ శానిటోరియం నెలకొల్పినప్పుడు విశ్రాంతి, మంచి ఆహారం, ఆరుబయటి గాలే ముఖ్యమైన చికిత్స. ఇప్పుడు మందులున్నాయి, అవి పూర్తికాలం వాడాలి. ఇంట్లోని పసిపిల్లలకు, ముసలివారికి సోకకుండా చూడడానికి గాలి ఇంకా అవసరమే.

మరి మొక్కలెందుకు?

మనసు కోసం. 1984లో అమెరికాలో ఒక పరిశోధకుడు, పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది వివరాలు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు, ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. పచ్చని మొక్కను చూస్తూ పడుకోవడం రోగికి ఊరట. సృష్టికర్త ఇచ్చిన ఆ ఊరటను లేనిపోని భయంతో తీసివేయకండి.

ఇంటికి వెళ్ళాక గుర్తుంచుకోండి

1. రోజూ ఉదయం, సాయంత్రం ఎదురెదురుగా ఉన్న కిటికీలు, తలుపులు తెరవండి. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారి గదిలో వీలైనంతసేపు తెరిచే ఉంచండి. చలి అయితే రోగికి దుప్పటి కప్పండి, మంచాన్ని నేరుగా గాలి కొట్టే చోటినుంచి జరపండి.

2. దోమల చుట్టకు బదులు దోమతెర కట్టండి.

3. రోగి గదిలో వంట, పొగాకు, ధూపం, కుంపటి వద్దు.

4. ఒకటి రెండు కుండీలు ఉండవచ్చు. పళ్ళెంలో నీరు నిలవనివ్వకండి. డెంగీ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.

5. కాన్సర్ మందులు వాడుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు ఉన్న గదిలో మట్టి కుండీలు, పూలు వద్దు. మట్టిలోని బూజు వారికి ప్రమాదం. ఇలాంటి వార్డుల్లోకి పూలు తేవద్దని నర్సులు చెప్పేది ఇందుకే.

6. ఉబ్బసం ఉన్నవారికి ఏదైనా పువ్వు వల్ల తుమ్ములు, ఆయాసం వస్తే దాన్ని బయట పెట్టండి.

7. గన్నేరు, డీఫెన్‌బాకియా వంటి విషపు మొక్కలను పిల్లలకు అందనివ్వకండి.

ఈ సాయంత్రం మీ వారి మంచం దగ్గరికి వెళ్ళగానే కిటికీ ఎటు ఉందో ఒకసారి చూడండి. దాన్ని ఎప్పుడు, ఎంతసేపు తెరవాలో మా సిస్టర్లను అడగండి. సందేహాలుంటే ఇప్పుడు కూడా అడగవచ్చు, మొహమాటపడకండి. దేవుడు మీ వారికి సంపూర్ణ స్వస్థతను, మీకు ఓర్పును, బలాన్ని దయచేయును గాక.