బలాత్కారముగ గద్దెనెక్కిన ప్రభువు: ఇస్లాము ధర్మశాస్త్రపు తీర్పు



అమలాపురమున నేను ఉపాధ్యాయుడనై యుండిన దినములలో నొకనాడు గోలకొండ సుల్తానుల చరిత్రము చెప్పుచుంటిని. ఒక బాలుడు లేచి, "మాస్టారండీ, తండ్రిని చంపించి గద్దె ఎక్కినవాణ్ణి కూడా రాజనే రాయాలాండీ?" అని యడిగెను. "వ్రాయవలెను, కూర్చుండుము" అంటిని. ఆ సమాధానము నాకే తృప్తి నీయలేదు. నేను చదివినవి కావ్య వ్యాకరణ ధర్మశాస్త్రములు. పిమ్మట ఉర్దూ మునిషీగారొకరి సాయమున, ఇస్లాము ధర్మశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకేమి చెప్పిరో కొంత తెలిసికొంటిని. దానినే నేడు మీకు మనవి చేయుదును.

ముందుగా కథ. గోలకొండ రాజ్యస్థాపకుడగు సుల్తాన్ కులీ 1543లో మసీదునందు నమాజు చేయుచుండగా హతుడయ్యెను. చంపించినవాడు కుమారుడగు జంషీదు. మరియొక కుమారుడగు ఇబ్రహీము ప్రాణభీతిచే పారిపోయి విజయనగరమున అళియ రామరాయల శరణు జొచ్చెను. 1550లో జంషీదు మరణింపగా వాని పసికుమారుని గద్దెపై నుంచిరి. ఇబ్రహీము సర్దారుల తోడ్పాటుతో తిరిగివచ్చి ఆ గద్దెను తానే గైకొనెను. మన కవులు మల్కిభరాముడని కొనియాడిన ప్రభువు ఈతడే. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానమును ఈతనికే అంకితమొసగెను. ఈతని యేలుబడిలోనే రాజమహేంద్రవరము గోలకొండ వశమయ్యెను. పసివాని గద్దెను గైకొన్నవాడే కవులకు కల్పవృక్షమయ్యెను! ఇట్టివానిని ధర్మము ప్రభువని యొప్పునా?

సున్నీ ధర్మవేత్తలలో అల్ మావర్దీ ప్రసిద్ధుడు. ఆయన 1058లో బాగ్దాదున కాలధర్మము చెందెను. ఆయన నాటికి ఖలీఫాకు పేరు మిగిలినది. సైన్యము పరుల చేతిలో నుండెను. బలముచే నొక రాష్ట్రమును ఆక్రమించిన సేనాని మతధర్మమును నిలిపి, ఖాజీల తీర్పులను చెల్లనిచ్చి, పన్నులను శాస్త్రము ననుసరించి తీసికొనునేని, ఖలీఫా వానికి అధికారమిచ్చి వాని పాలనను సక్రమము చేయవచ్చునని ఆయన మతము. 1111లో గతించిన అల్ గజాలీ దీనికి కారణమును విప్పిచెప్పెను. ప్రభువు అక్రముడని త్రోసిపుచ్చితిమా, అతడు నియమించిన ఖాజీ ఖాజీ కాడు, ఆ ఖాజీ యెదుట జరిగిన వివాహములు, క్రయవిక్రయములు చెల్లవు, లోకయాత్రయే ఆగిపోవును. 1333లో మరణించిన ఇబ్ను జమాఅ మరియు ముందునకు పోయి, బలముచే గెలిచినవానికి విధేయత తప్పదనియు, వానిని మరియొకడు గెలిచినచో అధికారము రెండవవానికి జెందుననియు తేల్చెను.

గోలకొండ సుల్తానులు షియా మతస్థులు. వారి మతమున నిజమైన యధికారము అదృశ్యుడై యున్న పండ్రెండవ ఇమామునకే చెందును. కావున పై సిద్ధాంతము వారికి అక్షరాల వర్తింపదు. అయినను ప్రజలకు వలసిన తీర్పరి, శాంతి ఆగరాదను చిక్కు వారికిని సమానమే.

ఈ సిద్ధాంతము మన దేశమున పరీక్షకు నిలిచిన సందర్భము వినుడు. 1658లో ఔరంగజేబు, తండ్రి షాజహాను జీవించియుండగనే సింహాసనమెక్కెను. తండ్రి బ్రదికియుండగా కుమారుని పేర ఖుత్బా చదువుట తగదని ప్రధాన ఖాజీ నిరాకరించెను. శుక్రవారపు ఖుత్బాలో పేరు, నాణెముపై పేరు: ఈ రెండే రాజత్వమునకు గురుతులు. అపుడు అబ్దుల్ వహాబను పండితుడు, షాజహాను వ్యాధిచే పాలనకు అశక్తుడు గనుక ఇది ధర్మమేనని చెప్పి, తానే ప్రధాన ఖాజీ యయ్యెను. విచిత్రమేమనగా, ఆయన కుమారుడు షేకుల్ ఇస్లాము తండ్రి పదవికి వచ్చినవాడు, బిజాపురము గోలకొండలపై యుద్ధము ధర్మమా యని చక్రవర్తి యడుగగా, ముసల్మాను ప్రభువులపై యుద్ధము తగదని చెప్పి పదవిని వదలుకొనెను. చక్రవర్తి ఆగలేదు. 1687లో గోలకొండ పడెను. అయినను ఒక ఖాజీ నోట "కాదు" అను మాట వచ్చినదని చరిత్రలో నిలిచియున్నది.

మన స్మృతికర్తలును దీనికి దూరులు కారు. జయించిన రాజు ఆ దేశపు ఆచార వ్యవహారములను యథాతథముగ పాలింపవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఎట్లు గెలిచితివని యడుగక, గెలిచిన పిమ్మట ఎట్లు నడచుకొందువని యడుగుట ఉభయులకును సమానము.

మన సీమవారికి నావ సంగతి తెలియును. నడిగోదావరిలో వరద యుధృతి. ఒకడు సరంగును నీట త్రోసి చుక్కాని పట్టెను. వానితో పెనగులాడినచో నావ తలక్రిందగును. కావున ఒడ్డు చేరువరకు వానిని చుక్కాని పట్టనిత్తుము. అంతమాత్రమున వాడు చేసినది హత్య కాకపోదు. రేవున దిగిన పిమ్మట విచారణ జరుగవలసినదే. ధర్మవేత్తల "అవసరము" అను మాటకు నాకు తోచిన యర్థమిది. ఐతే ఆ సిద్ధాంతపు లోపమును అచ్చటనే యున్నది. రేవున విచారించు సభను వారు నిర్మింపలేదు. అందుచే నావ నడినీటనే యుండెను. మునుపటివానిని త్రోసినవాడు తన వంతున త్రోయబడుచుండెను.

ఆ బాలుడు నేడెచ్చట నున్నాడో యెరుగను. ఎదురుపడినచో నిట్లు చెప్పుదును: "నాయనా, రాజనియే వ్రాయుము, వాని కాలమున చేసిన దస్తావేజులు చెల్లవలెను గదా. కాని ఆ పంక్తి ప్రక్కనే, తండ్రిని చంపించెనని కూడ వ్రాయుము. మొదటిది లోకయాత్రకు, రెండవది ధర్మమునకు."