చాతం కలప, పెరంబూరు పెట్టె: పరిశ్రమకు చేవ ఎక్కడ?

(చాతంలో తెలుగు విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



రైలు మార్గమే లేని దీవిలో నిలబడి రైలు పెట్టెల తయారీని గురించి మాట్లాడబూనడం మీకు వింతగా తోచవచ్చును. మీలో అనేకులు విశాఖపట్నంలోనో, చెన్నైలోనో ఓడ దిగిన తరువాతనే రైలును మొదటిసారిగా చూసి ఉంటారు. అయినను మనకు కూతవేటు దూరంలో ఉన్న ప్రభుత్వ కలప కోత మిల్లుకు, రైలు పెట్టెకు పాత చుట్టరికం ఉన్నది. రైలు పెట్టెలను తయారుచేసే ప్రభుత్వ కర్మాగారాలు స్వాతంత్ర్యం తరువాత బహుముఖంగా పెరిగినవి. చాతం మిల్లు అంతకంటె ఎంతో పెద్ద వయసుది. అయినా దాని పని నేడు తగ్గినది. ఒకటి పెరిగినది, ఒకటి తగ్గినది అని లెక్క ముగించవచ్చునా? ఈ ఒక్క ప్రశ్నను మీ ముందుంచడానికే నేను వచ్చినాను.

ముందుగా మన ఇంటి సంగతి. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఈ రేవులో మొదటి వలస స్థావరాన్ని నెలకొల్పినది ఈ చాతం దీవి మీదనే. ఆ స్థావరం కొద్ది సంవత్సరాలకే ఉత్తరానికి తరలి, 1796లో మూతపడినది. 1858లో ఖైదీలను తీసుకొనివచ్చిన ఓడ కూడా మొదట ఇక్కడికే చేరినది. మంచినీటి కొరత వల్ల కేంద్రం రాస్ దీవికి మారినది. 1883లో అటవీశాఖ ఏర్పడినప్పుడు, వలసకు కావలసిన ఇండ్లకు, పడవలకు, వంతెనలకు పలకలు కోయడానికి ఈ మిల్లు వెలసినది. తొలినాళ్లలో అడవిలోని శ్రమ ప్రధానంగా ఖైదీలదే. వారి చెమట ఈ సంస్థ పునాదిలో ఉన్నదని మరువరాదు. 1918 నుండి ఛోటానాగపూర్ ప్రాంతపు కూలీలు అడవి పనికి వచ్చినారు. వారి సంతతిని నేటికీ మనం 'రాంచీవారు' అని పిలుచుకొంటున్నాము. ఏనుగులు దుంగలను ఈడ్చినవి. తేలే జాతుల దుంగలను తెప్పలుగా కట్టి, మునిగే జాతులను బల్లకట్టు పడవల మీద ఎక్కించి, సముద్రం మీదుగా మిల్లు ఒడ్డుకు చేర్చినారు. 1942లో జపాను సేనలు దీవులను ఆక్రమించినవి. ఆ యుద్ధంలో పడిన బాంబు తవ్విన గుంటను మిల్లు ఆవరణలో నేటికీ చూడవచ్చును. యుద్ధం ముగిసిన తరువాత రంపాలు మళ్లీ తిరిగినవి.

ఈ మిల్లులో కోసిన కలపలలో ప్రసిద్ధమైనది పడౌక్. ఈ పేరు మనకు కొత్త కావచ్చును గాని, దాని వంశం కొత్తది కాదు. శేషాచలం కొండల ఎర్రచందనం, మన మన్యంలోని వేగిస, ఇక్కడి పడౌక్ మూడూ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే ప్రజాతికి చెందిన తోబుట్టువులు. ఇక్కడివారు కోకో అని పిలిచే కలప మన ఊళ్లలోని దిరిసెనయే. పడౌక్ చేవ ఎరుపు, నునుపు తేలుతుంది, చెదలకు సులభంగా లొంగదు. పంతొమ్మిదవ శతాబ్దం చివరలో ఈ చెక్క అమెరికాకు ఎగుమతియై, పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల లోపలి పనికి ఉపయోగపడినది. ఖైదీ నరికిన చెట్టు సగం ప్రపంచం దాటి సంపన్నులు ప్రయాణించే పెట్టెకు అలంకారమైనది. చాతానికి, రైలుకు చుట్టరికం అన్నది ఈ అర్థంలోనే.

ఆ రోజులలో రైలు పెట్టె అనగా చాలా భాగం కొయ్యపని. అడుగున బరువు మోసే ఇనుప చట్రం ఉండేది. మన దేశంలో దానిని తరచు విదేశాల నుండి తెప్పించి, దానిమీద టేకు మొదలైన కలపలతో పెట్టెను కట్టేవారు. బరువంతా చట్రానిదే, పైనున్నది ఒక గది మాత్రమే. రైళ్లు ఢీకొన్నప్పుడు ఆ గది నుగ్గయ్యేది. ఒక పెట్టె మరొక పెట్టెలోనికి చొచ్చుకొనిపోయేది. నిప్పు అంటుకొంటే ఆర్పడం దుస్సాధ్యమయ్యేది. స్వతంత్ర భారతానికి ఎక్కువ పెట్టెలు కావలెను, అంతకంటె ముఖ్యంగా ప్రాణరక్షణ కలిగిన పెట్టెలు కావలెను.

ఈ అవసరం నుండి రెండు సంస్థలు ఎదిగినవి. మొదటిది బెంగుళూరుది. అక్కడ విమానాలు కట్టే ప్రభుత్వ సంస్థ, స్వాతంత్ర్యానంతరపు తొలి సంవత్సరాలలో లోహపు రైలు పెట్టెల తయారీని కూడా చేపట్టినది. రేకును వంచి, అతికి, తేలికగాను దృఢంగాను కట్టడం విమాన కార్మికులకు తెలిసిన విద్య. 1964లో ఆ శాఖ భారత్ ఎర్త్ మూవర్స్ అనే ప్రభుత్వ కంపెనీలో చేరినది. ఆ కంపెనీ తరువాతి కాలంలో మెట్రో రైళ్లను సైతం తయారుచేసినది. రెండవది మద్రాసు పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ. ఇది కంపెనీ కాదు. రైల్వేశాఖకు చెందిన ఉత్పత్తి కేంద్రం. 1955 అక్టోబరు 2న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దీనిని ప్రారంభించినారు. స్విట్జర్లాండులోని ష్లీరెన్ సంస్థ సాంకేతిక సహకారం అందించినది.

'ఇంటిగ్రల్' అన్న మాటలోనే ఆ నిర్మాణ రహస్యం ఉన్నది. ఇందులో చట్రం వేరు, గది వేరు కాదు. నేల, ప్రక్కగోడలు, పైకప్పు అన్నీ ఉక్కుతో ఏకమై, వెదురు బొంగువలె బరువును కలిసి మోస్తవి. ఢీకొన్నప్పుడు రెండు కొసలు ముందు నలిగి దెబ్బను తీసుకొంటవి. మనుషులుండే నడిమి భాగం నిలుస్తుంది. మొదట పెరంబూరులో తయారైనది పెట్టె డొల్ల మాత్రమే. లోపలి బల్లలు, దీపాలు, అమరికలు పూర్తిచేసే విభాగం 1962లో తోడైనది. అటుపిమ్మట విద్యుత్ రైళ్లు, కలకత్తా భూగర్భ రైలుకు 1984లో నడిచిన తొలి పెట్టెలు ఇక్కడే రూపొందినవి. పంజాబులోని కపూర్తలాలో రెండవ పెద్ద కర్మాగారానికి 1985లో శంకుస్థాపన జరిగినది. 1988 నాటికి అక్కడి మొదటి పెట్టె బయటికి వచ్చినది.

ఇందులో విద్యార్థులు గమనింపదగినది వేరొకటి ఉన్నది. పెరంబూరు తనకు కీర్తి తెచ్చిన నమూనానే పట్టుకొని వ్రేలాడలేదు. జర్మనీ నుండి వచ్చిన కొత్త నమూనా మరింత సురక్షితమని, ఎక్కువ వేగానికి తగినదని తేలిన తరువాత, 2018 జనవరిలో పాత నమూనా తయారీని విరమించినది. అదే సంవత్సరంలో, వేరుగా ఇంజను అక్కరలేని రైలును స్వయంగా రూపొందించినది. అదే వందే భారత్ పేరుతో 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ, వారణాసి మధ్య ప్రయాణం ప్రారంభించినది. 2023 జనవరిలో సికింద్రాబాదు, విశాఖపట్నం మధ్య నడిచిన రైలు కూడా ఆ వంశానిదే. ఇచ్చట పెరిగినది పెట్టెల సంఖ్య మాత్రమే అనుకొంటే పొరపాటు. నేర్చినదానిని విడిచి మరల నేర్వగల శక్తి పెరిగినది.

ఇప్పుడు మరల చాతానికి వద్దాము. ఉక్కు వచ్చిన తరువాత కలపకు రైలుతో గల సంబంధం వెంటనే తెగిపోలేదు. పట్టాల క్రింద పరచే స్లీపర్లు చాలాకాలం కొయ్యవే. గర్జన్ వంటి కలపకు బలం ఉన్నది గాని, తేమకు, పురుగుకు తట్టుకొనే గుణం తక్కువ. అటువంటి కలపకు మందు ఎక్కించి ఆయుస్సు పెంచే పద్ధతిని డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో 1933లో కనిపెట్టినవారు మన సొంటి కామేశంగారు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల నీటిని ఒత్తిడితో చెక్కలోనికి పంపితే, అవి నారలో స్థిరపడి కడిగినా పోవు. 'ఆస్కు' అన్న పేరుతో ఆ మందు దేశదేశాలకు వ్యాపించినది. ఇటీవలి దశాబ్దాలలో ఆర్సెనిక్ హానిని గుర్తించి అనేక దేశాలు నివాసగృహాలలో దాని వాడకాన్ని కట్టడి చేసినవి. అయినను ఒక తరంపాటు అది లక్షల చెట్లకు ప్రాణభిక్ష పెట్టినది. ఒక దుంగ రెండింతల కాలం నిలిస్తే రెండవ చెట్టును నరకనక్కరలేదు కదా. తరువాత కాంక్రీటు స్లీపర్లు వచ్చి, ఆ గిరాకీ కూడా తగ్గినది.

రైలు వదిలినను అడవి మీద ఒత్తిడి వదలలేదు. అగ్గిపుల్లలకు, ప్లైవుడ్‌కు, ఇండ్లకు ఈ దీవుల కలప ప్రధాన భూమికి తరలుతూనే ఉండేది. ఇక్కడ ఉక్కుకు, చెట్టుకు గల భేదాన్ని మనం గుర్తించవలెను. పెరంబూరుకు మరి వేయి పెట్టెలు కావలెనంటే మరికొంత ఉక్కు తెప్పించుకోవచ్చును. చాతానికి మరి వేయి దుంగలు కావలెనంటే అవి నరుని తొందరకు పుట్టవు. పడౌక్ చేవ ముదరడానికి ఒక మనిషి జీవితకాలం చాలదు. అడవి పోతే వానకు మన్ను కొట్టుకొనిపోయి పగడపు దిబ్బల మీద పేరుకొంటుంది. దీవిలోని మంచినీటి ఊటలు ఎండుతవి. పైగా ఆ అడవి ఖాళీ భూమి కాదు. మనమందరము రాకముందు నుండి జరవాలు, ఓంగేలు మొదలైనవారికి అదే ఇల్లు, అదే అంగడి, అదే గుడి.

ఈ విషయం సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చినది. 2001లో మధ్యంతర ఉత్తర్వు, నియమిత కమిషనర్ నివేదిక తరువాత 2002 మే 7న మరొక ఉత్తర్వు వెలువడినవి. గిరిజన రక్షిత ప్రాంతాలలో చెట్లు నరకరాదని, ఇతర చోట్ల కూడా దీవుల ప్రజల నిజమైన అవసరాలకే కలప ఉపయోగపడవలెనని, ప్రధాన భూమికి తరలింపు ఆగవలెనని దాని సారాంశం. ప్రైవేటు కలప పరిశ్రమలు కుదేలైనవి. అడవి పనిమీద బ్రతికిన కుటుంబాలకు కష్టం కలిగినది. ఆ కష్టాన్ని చిన్నదిగా చూపడం న్యాయం కాదు. మీ తాతలలో, తండ్రులలో కొందరు ఆ రంపాల ప్రక్కన నిలబడినవారే అయి ఉంటారు. నేడు మిల్లు అటవీశాఖ ఆధీనంలో ఉన్నది. పూర్వపు జోరు లేదు. దాని చరిత్రను చూడడానికి యాత్రికులు వస్తున్నారు. ప్రక్కన అటవీ వస్తు ప్రదర్శనశాల ఉన్నది.

కాబట్టి చాతం ఓడిపోయినదా? నా సమాధానం ఇది. చెట్టు లావును చూసి కలప విలువ కట్టరు; లోపలి చేవను చూసి కడతారు. పరిశ్రమకూ అంతే. పెద్ద కోత మిల్లులో రంపపు పళ్లకు సానపట్టే నిపుణుని 'సా డాక్టర్' అంటారు. అతని చేతిలో రంపం సన్నగా, సూటిగా నడిస్తే పొట్టుగా పోయేది తగ్గి పలకగా మిగిలేది పెరుగుతుంది. దుంగలో సుమారు సగమే పలకగా చేతికి వస్తుందనేది ఈ వృత్తిలో సామాన్యమైన లెక్క. మిగిలిన సగం నుండి ఎంత రాబట్టగలమో, ఎండబెట్టడంలో ఎన్ని పలకలు వంకరపోకుండా కాపాడగలమో, తక్కువ చెక్కతో ఎక్కువ విలువైన వస్తువును ఎట్లు చేయగలమో అన్నవి అడవిని ముట్టకుండా పెరగగల పెరుగుదలలు. పెరంబూరు పాత నమూనాను విడిచి ఎదిగినది. చాతం పాత పరిమాణాన్ని విడిచి ఎదుగవలసి ఉన్నది. రెండింటికీ ముడిసరకు వేరు, పాఠం ఒకటే.

దీనికి చదువుకొన్న చేతులు కావలెను. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులలో ప్రతి నూరుగురిలో సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళ, హిందీ, మలయాళ సోదరులతోను, రాంచీవారితోను, నికోబారులతోను కలిసి మనమిక్కడ జీవిస్తున్నాము. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, ఒకే బల్లమీద కూర్చునే ఆ పిల్లలలో ఒకరు రేపు కలప శాస్త్రం చదువవచ్చును, మరొకరు పెరంబూరులో ఇంజనీరు కావచ్చును. కామేశంగారు డెహ్రాడూన్‌లో కూర్చుని కనిపెట్టిన మందు ఏ ప్రాంతపు కలపను ఏ భాష మాట్లాడుతుందని అడుగలేదు. ఒక పెట్టెలో స్విస్ విద్య, బెంగాలు ప్రయాణికుడు, తమిళ కార్మికుడు ఇమిడినప్పుడు జాతీయ సమైక్యత అన్న మాటకు వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

చివరిగా ఒక విన్నపం. ఈ రోజు ఇంటికి పోయేటప్పుడు మిల్లు ఆవరణలో పేర్చిన దుంగలలో ఒకదాని కోసిన ముఖాన్ని నిదానించి చూడండి. వెలుపలి తెల్లచెక్క, లోపలి ఎర్రని చేవ స్పష్టంగా వేరుగా కనిపిస్తవి. మన సంస్థల లెక్కల పుస్తకాలను కూడా ఆ చూపుతో చదవడం నేర్చుకోండి. ఎంత కోసినాము అన్న గడి ప్రక్కన, ఎంత నేర్చినాము, ఎంత మిగిల్చినాము అన్న రెండు గడులను మీ తరం చేర్చవలెను.