బ్లూటూత్ స్లో ఎందుకు? పట్టుపురుగుల షెడ్డులో దొరికిన జవాబు

లేపాక్షి అని చూసి వేలాడే స్తంభం వీడియో అనుకుని వచ్చారేమో, సారీ. ఇది ఊరి బయట మా మామ వాళ్ల పట్టుపురుగుల షెడ్డు. పోయిన పంటలో సగం పురుగులు గూడు కట్టకముందే చచ్చిపోయాయి. ఎండకా, తేమ తగ్గా, ఏ రోజు మొదలైంది? ఎవరికీ తెలీదు. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం దాకా తేమ ఉండాలి. అందుకే ఈ పంటకు నేనొక చిన్న సెన్సర్ చేసి లోపల కట్టాను. 10 సెకన్లకు ఒక రీడింగ్, ఒక్కోటి 8 బైట్లు. 20 రోజులకు సుమారు 13 లక్షల 82 వేల బైట్లు. మీ వాట్సాప్‌లో ఒక ఫోటో అంత, అంతే.

వైఫై లేదు కాబట్టి బీఎల్ఈ, అంటే బ్లూటూత్ లో ఎనర్జీ వాడాను. మామ ఫోన్ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పది నిమిషాలైంది, ఇరవై అయింది. "ఏం అల్లుడా, ఆకు వేసే టైమైంది, ఇంకా ఎంతసేపు నిలబడాల?" అన్నాడు. మొత్తం 35 నిమిషాలు పట్టింది.

తప్పు నాదే. నా కోడ్ 30 మిల్లీసెకన్లకు ఒక ప్యాకెట్ పంపేది, ప్యాకెట్‌లో 20 బైట్ల డేటా. ఏమీ మార్చకపోతే బీఎల్ఈ ఇచ్చేది అంతే. ఆ 20 బైట్ల చుట్టూ అడ్రస్, హెడర్లు, చెకింగ్ కోడ్ అన్నీ కలిపి ఇంకో 17 బైట్లు. హిందూపురం మార్కెట్‌కి గూళ్లు తీసుకెళ్లడానికి ట్రిప్పుకి ఒక్క చేతిసంచి చొప్పున ఆటో మాట్లాడుకున్నట్టు!

2014లో వచ్చిన బ్లూటూత్ 4.2 నుంచి పెద్ద ప్యాకెట్లకు దారి ఉంది. అందులో ఒకేసారి 244 బైట్ల డేటా పడుతుంది, పైన ప్యాకింగ్ మాత్రం అదే 17. ఎంటీయూ 247 అని అడగాలి, దానితోపాటు డేటా లెంగ్త్ ఎక్స్‌టెన్షన్ కూడా ఆన్ కావాలి. ఈ రెండోది మర్చిపోతే లోపల మళ్లీ చిన్న ముక్కలే అవుతాయి, నేను ఒక రోజంతా అక్కడే ఇరుక్కున్నా. రెండూ సెట్ అయ్యాక 35 నిమిషాల పని మూడు నిమిషాల లోపే అయిపోయింది.

ఇక్కడితో వీడియో ఆపేద్దామనుకున్నా. మర్నాడు మామ ఇంటి అరుగు మీద కూర్చునే ట్రై చేశాడు. మధ్యలో రేకు గోడ, తేమ కోసం కట్టిన తడి గోనెసంచులు. కనెక్ట్ అవుతుంది, కాసేపటికి తెగిపోతుంది. డేటా సున్నా. పాత స్లో కోడ్ వేసి చూస్తే, నత్తలా అయినా నడుస్తోంది!

ఎందుకంటే ప్యాకెట్‌లో ఒక్క బిట్ చెడినా మొత్తం పారేసి మళ్లీ పంపాలి. సిగ్నల్ బాగా వీక్‌గా ఉండి వెయ్యి బిట్లకు మూడు చెడుతున్నాయనుకోండి. చిన్న ప్యాకెట్ 296 బిట్లు, వందలో 41 బతికి చేరతాయి. పెద్దది 2088 బిట్లు, వెయ్యికి రెండు చేరితే గొప్ప. ఎంత పెద్దదైతే అంత ఫాస్ట్ అనేది సిగ్నల్ బాగున్నంత వరకే.

ఎంటీయూ అనేది పై హద్దు మాత్రమే, సెన్సర్ అంతకంటే చిన్నవి పంపొచ్చు. కాబట్టి ఇప్పుడు 244తో మొదలుపెడుతుంది, లింక్ తెగితే మళ్లీ కలిసినప్పుడు 122, అదీ కుదరకపోతే 61. అరుగు మీద నుంచి 61తో మొత్తం వచ్చింది. టీ తాగేలోపు కాదులెండి, భోజనం చేసేలోపు.

డేటాలో ఏముందంటే, నాలుగో జ్వరం దాటాక వరసగా రెండు మధ్యాహ్నాలు షెడ్డులో 33 డిగ్రీలు దాటింది. అది చూసి మామ పడమటి వైపు ఇంకో వరస తడి గోనెలు కట్టాడు. పురుగులకు మంచిదే. నా సిగ్నల్‌కి మాత్రం ఇంకో గోడ. రేపు 61 సరిపోతుందో, 20కి దిగాలో చూడాలి. కోడ్ లింక్ కింద పెట్టాను.