పాస్‌వర్డు పెట్టె పదే పదే వస్తోందా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకోవలసిన సభలో ఈ కంప్యూటరు గొడవ ఏమిటని కొందరు అనుకోవచ్చు. మనది గోదావరి గట్టు, అడవి అంచు. చర్ల నుంచో దుమ్ముగూడెం నుంచో కొత్తగూడెం వెళ్లి ఒక కాగితం తెచ్చుకోవాలంటే ఒక రోజు పని. పైగా 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పనిచేసిన ఆఫీసు ఒక రాష్ట్రంలో, కాపురముండే ఇల్లు మరో రాష్ట్రంలో పడినవారు మనలో ఉన్నారు. అటువంటివారికి ఈ-మెయిలు విలాసం కాదు. బస్సు ఛార్జీ, మోకాళ్ల నొప్పి రెండూ తప్పించే సాధనం. అందువల్ల ఆ పెట్టె తెరుచుకోకపోతే ఏం చేయాలో తెలిసి ఉండడం మంచిది.

ముందుగా జబ్బు లక్షణం చెబుతాను. ఇంట్లో కంప్యూటరులో థండర్‌బర్డ్ గానీ, ఔట్‌లుక్ గానీ తెరుస్తారు. పాస్‌వర్డు అడుగుతూ ఒక చిన్న పెట్టె వస్తుంది. కొడతారు. క్షణంలో అదే పెట్టె మళ్లీ వస్తుంది. ఇంకోసారి కొడతారు, మళ్లీ వస్తుంది. అప్పుడు చాలామంది "నేనే మరచిపోయినట్టున్నాను, వయసు మీద పడింది కదా" అనుకొని పాస్‌వర్డు మార్చేస్తారు. అక్కడ చిక్కు రెండింతలవుతుంది. ఫోనులో అంతవరకు సక్రమంగా వస్తున్న మెయిలు కూడా ఆగిపోతుంది.

ఈ రోజు నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఒక్కటే. పెట్టె మళ్లీ వచ్చినంత మాత్రాన మీ పాస్‌వర్డు తప్పని అర్థం కాదు. ముందు కారణం తెలుసుకోండి, తరువాతే దేన్నైనా మార్చండి.

తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మెయిలు ప్రోగ్రాము మూసేయండి. బ్రౌజరు తెరిచి మీ మెయిలు సంస్థ చిరునామా, అంటే జీమెయిల్ డాట్ కామ్ వంటిది, మీ చేత్తోనే కొట్టండి. ఇంతకు ముందే లోపల ఉంటే బయటికి వచ్చి, మళ్లీ పాస్‌వర్డు కొట్టి చూడండి. అక్కడ తలుపు తెరుచుకుంటే మీ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు, తేడా ప్రోగ్రాములోనే ఉంది. అక్కడా తెరుచుకోకపోతే ఊహించి పదిసార్లు కొట్టకండి, ఖాతాకు తాత్కాలికంగా తాళం పడవచ్చు. 'పాస్‌వర్డు మరచిపోయాను' అన్న దారిలో వెళ్లండి.

సరైన పాస్‌వర్డును ప్రోగ్రాము ద్వారా ఎందుకు ఒప్పుకోరు? అటవీ శాఖలో పనిచేసిన మిత్రులకు ఇది వెంటనే అర్థమవుతుంది. కలప లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగితే డ్రైవరు యజమాని బీరువా తాళంచెవి చూపించడు, ట్రాన్సిట్ పర్మిటు చూపిస్తాడు. ఏ సరుకు, ఏ బండి అన్నది దాని మీదే ఉంటుంది. పాత పద్ధతిలో మన మెయిలు ప్రోగ్రాము పాస్‌వర్డును తన దగ్గరే దాచుకొని, ఉత్తరాలకు వెళ్లిన ప్రతిసారీ సర్వరుకు దాన్నే అప్పగించేది. అది డ్రైవరు చేతికి బీరువా తాళంచెవి ఇచ్చి పంపినట్టే. కొత్త పద్ధతిలో మీరు సంస్థవారి సొంత పేజీలో పాస్‌వర్డు కొడితే, వారు ఆ ప్రోగ్రాముకు ఒక పర్మిటు ఇస్తారు. దీనినే 'ఓఆత్' అంటారు. పర్మిటు దొంగ చేతిలో పడినా దాన్ని రద్దు చేయవచ్చు, తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

యాహూవారు 2020 అక్టోబరులో పాత పద్ధతి మానేశారు. మామూలు జీమెయిలు ఖాతాలకు గూగుల్‌వారు 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టారు. హాట్‌మెయిల్, ఔట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు మైక్రోసాఫ్ట్‌వారు 2024 సెప్టెంబరు 16న ఆపారు. చెక్‌పోస్టులో నిబంధన మారింది, మన బండి మాత్రం పాత తాళంచెవే చూపిస్తోంది. ఎందుకు వెనక్కు పంపారో దానికి తెలియదు కనుక మిమ్మల్నే మళ్లీ అడుగుతోంది.

ఇక చేయవలసిన పని. థండర్‌బర్డ్ వాడేవారు 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'సర్వర్ సెట్టింగ్స్' తెరిచి, 'అథెంటికేషన్ మెథడ్' అన్నచోట 'ఓఆత్2' ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఉత్తరాలు రావడానికి ఒక సర్వరు, పోవడానికి మరో సర్వరు ఉంటాయి. అదే పేజీలో ఎడమవైపు అట్టడుగున ఉన్న 'ఔట్‌గోయింగ్ సర్వర్'లో కూడా ఇదే మార్పు చేయాలి. తరువాత 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లోని 'సేవ్డ్ పాస్‌వర్డ్స్'లో ఆ ఖాతా పాతవి తీసేయాలి. అక్కడే కుకీలను అనుమతించే గడిలో టిక్కు ఉండాలి, లేకపోతే గూగుల్ పేజీ ముందుకు సాగదు. ప్రోగ్రామును మూసి తెరిస్తే సంస్థవారి పేజీ వస్తుంది. పాస్‌వర్డు కొట్టి 'అలౌ' నొక్కితే సరి.

ఔట్‌లుక్ వాడేవారు దాన్ని మూసి, విండోస్ 'కంట్రోల్ ప్యానెల్'లో 'క్రెడెన్షియల్ మేనేజర్' తెరిచి, ఆ మెయిలుకు సంబంధించిన పాత నమోదులు తొలగించి, మళ్లీ తెరవాలి. ఔట్‌లుక్ 2010 వంటి పాత ప్రోగ్రాములకు పర్మిటు పద్ధతే తెలియదు. జీమెయిలు, యాహూ ఖాతాలవారికి అప్పుడు 'యాప్ పాస్‌వర్డు' ఉపాయం ఉంది. జీమెయిలులో అయితే ముందుగా రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఆ తరువాత వారు 16 అక్షరాల పాస్‌వర్డు ఇస్తారు. ప్రోగ్రాము అడిగినపుడు మామూలు పాస్‌వర్డుకు బదులు దాన్ని కొట్టాలి. అసలు పాస్‌వర్డు మారిస్తే ఇది రద్దవుతుందని గుర్తుంచుకోండి. హాట్‌మెయిల్ ఖాతాలకు ఈ ఉపాయం పనికిరాదు, వారు కొత్త ప్రోగ్రాముకు మారవలసిందే.

ఇవేవీ కాకుండా చిన్న కారణాలూ ఉంటాయి. మన వైపు సిగ్నలు సన్నగిల్లినపుడు సర్వరు జవాబు సకాలంలో చేరక, ప్రోగ్రాము దాన్ని తిరస్కారంగా భావించి పాస్‌వర్డు అడగవచ్చు. అప్పుడు 'క్యాన్సిల్' నొక్కి, అరగంట ఆగి చూడండి. కరెంటు తీసినపుడల్లా కంప్యూటరు తేదీ వెనక్కు పోతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. తేదీ తప్పితే సర్వరును నమ్మడం కుదరక కనెక్షను తెగిపోతుంది. క్యాప్స్ లాక్ వెలుగుతోందా, మనవరాలు కీబోర్డును తెలుగులోకి మార్చి వదిలేసిందా అన్నవి కూడా చూసుకోండి.

రెండు హెచ్చరికలు చేస్తాను. మొదటిది, విసిగిపోయి ప్రోగ్రాములోంచి ఖాతాను తీసేయకండి. పాత 'పాప్' పద్ధతిలో వచ్చిన ఉత్తరాలు సర్వరులో లేకుండా మీ కంప్యూటరులోనే ఉండిపోయి ఉండవచ్చు. ఖాతాతో పాటు అవీ పోతే తిరిగి రావు. ముందు ఆ ఫోల్డరును పెన్‌డ్రైవులోకి నకలు తీసుకోండి. రెండవది, "మీ మెయిలు పెట్టె మూతపడుతోంది, ఇక్కడ పాస్‌వర్డు కొట్టండి" అంటూ వచ్చే ఉత్తరాలను నమ్మకండి. అడిగినపుడల్లా పాస్‌వర్డు కొట్టడం అలవాటైనవారికే ఈ గాలం తగులుతుంది. జీవన్ ప్రమాణ్ పేరు చెప్పి ఫోనులో ఓటీపీ అడిగేవారిదీ ఇదే వృత్తి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

చివరగా అమ్మలకు, పిల్లలకు ఒక మాట. ఈ పెట్టెతో వేగలేక మెయిలు చూడడమే మానేసిన పెద్దలున్నారు. రెండేళ్లు వాడకుండా వదిలేసిన సొంత ఖాతాలను తొలగించే అధికారం గూగుల్‌వారికి ఉంది, 2023 డిసెంబరు నుంచి ఆ పని మొదలైంది. పెన్షను ఉత్తర్వు నకలు, బ్యాంకు లేఖలు, అమెరికా నుంచి మనవళ్లు పంపిన ఫొటోలు అందులోనే ఉన్నాయనుకోండి. పెద్దాయన కన్నుమూశాక కుటుంబ పెన్షను కోసం ఆ కాగితాలు వెతుక్కోవలసి వస్తే, పాస్‌వర్డు తిరిగి తెచ్చుకునే సందేశం ఎప్పుడో రీచార్జి ఆగిన నంబరుకు పోతే, ఆ ఇల్లాలు ఏం చేయాలి? రీచార్జి లేని నంబరు కొంతకాలానికి మరొకరి చేతికి పోతుంది.

కనుక ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయండి. రికవరీ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా చూడండి. గూగుల్‌లో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' అనే ఏర్పాటు ఉంది, అందులో మీ తదనంతరం ఎవరికి అందాలో వారి పేరు పెట్టండి. ముఖ్యమైన కాగితాలు అచ్చు తీసి ట్రంకుపెట్టెలో ఉంచి, ఆ సంగతి ఇంట్లోవారికి చెప్పండి.

ముప్పై ఏళ్లు ఫైళ్లు నడిపిన మనకు ఒక సూత్రం తెలుసు. ఫైలు వెనక్కు వస్తే మళ్లీ అదే కాగితం పంపము, ఎందుకు వెనక్కు వచ్చిందో నోటు చదువుతాము. ఇక్కడా అంతే.