జైల్లో ఉన్న మనవాళ్లకు ఉత్తరం రాద్దాం



జల్, జంగల్, జమీన్ అని మనం ప్రతి సభలో అంటాం. ఆ మూడింటి కోసం నిలబడి జైలుపాలైనవాళ్ల గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్పదలిచాం.

స్టాన్ స్వామి పేరు మీరు వినే ఉంటారు. తమిళనాడులో పుట్టి, జార్ఖండ్ ఆదివాసుల మధ్య దశాబ్దాలు బతికిన క్రైస్తవ ఫాదర్. నక్సలైట్లన్న ముద్రతో జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీ యువకుల వివరాలు సేకరించి, వాళ్ల కోసం హైకోర్టుకు వెళ్లారు. ఆయన్నే 2020 అక్టోబర్ 8న భీమా కోరేగావ్ కేసులో ఎన్‌ఐఏ అరెస్టు చేసింది. అప్పటికి ఆయనకు 83 ఏళ్లు. పార్కిన్సన్స్ వ్యాధి వల్ల చేతులు వణికేవి, గ్లాసు పట్టుకుని నీళ్లు తాగలేరు. సిప్పర్, స్ట్రా కోసం కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ వార్త చదివి ఎక్కడెక్కడివాళ్లో తలోజా జైలు చిరునామాకు సిప్పర్లు పంపారు. ఈ ముసలాయన కోసం బయట జనం కనిపెట్టుకుని ఉన్నారని జైలుకు తెలిసింది.

జైల్లో వంద రోజులు నిండినప్పుడు ఆయన ఒక ఉత్తరం రాశారు. అండగా నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పి, తోటి పేద ఖైదీల గతి కూడా అందులో రాశారు. తమ మీద ఏ నేరం మోపారో వాళ్లకు తెలియదు, చార్జిషీటు చూడలేదు, వకీలు లేడు. బెయిలు రాకుండానే 2021 జూలై 5న ఆయన ముంబయిలో ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ మద్దతు ఆయన ప్రాణం నిలపలేకపోయింది. కానీ ఆయన్ను ఒంటరిని కానివ్వలేదు.

అమెరికా ఆదివాసీ నాయకుడు లెనార్డ్ పెల్టియర్‌ది ఇంకో కథ. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్ల హత్య కేసులో ఆయనకు రెండు జీవిత ఖైదులు పడ్డాయి. విచారణ న్యాయంగా జరగలేదని లోకమంతటా జనం దశాబ్దాల తరబడి ఉత్తరాలు రాశారు. సుమారు 49 ఏళ్ల తర్వాత, 2025 ఫిబ్రవరి 18న ఆయన జైలు దాటి తనవాళ్ల నేలకు చేరారు. అదీ క్షమాభిక్ష కాదు, మిగతా శిక్ష ఇంట్లో గడపమన్నారు.

వీళ్లిద్దరూ పేరున్నవాళ్లు. మన గూడెం నుంచి పోయిన కుర్రాడికి ఎవరు రాస్తారు? తల్లికి అక్షరం రాదు. ములాఖత్‌కు పోవాలంటే కూలి పోతుంది, బస్సు చార్జీలు ఉండవు. ఆ ఇంట్లో లేని చదువు మీ దగ్గర ఉంది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం.

ముందు ఆ ఇంటివాళ్లను అడగండి. వాళ్లు సరేనంటే అమ్మ చెప్పింది చెప్పినట్టు రాయండి. వాన పడిందా, పోడు ఎట్లా ఉంది, ఆవు ఈనిందా, జాతరకు ఎవరొచ్చారు, ఇవి చాలు. కేసు సంగతులు, ఇతరుల పేర్లు రాయొద్దు. జైలు అధికారులు విప్పి చూశాకే ఉత్తరం లోపలికి పోతుంది. రేపే విడిపిస్తామని ఆశ పెట్టొద్దు. ఖైదీ పేరు, తండ్రి పేరు, నంబరు, జైలు చిరునామా సరిగ్గా రాయండి. మీ దగ్గర ఒక నకలు, పంపిన తేదీ ఉంచుకోండి. జవాబు రాలేదని మానొద్దు, నెలకొకటి రాయండి.

ఇంకొక మాట. 1987 న్యాయ సేవాధికార చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగలవాళ్లకూ, జైల్లో ఉన్నవాళ్లకూ ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆ దరఖాస్తు రాయడంలో కూడా ఇంటివాళ్లకు సాయపడండి.

ఈ సభ నుంచి వెళ్లాక మీ ఊళ్లో, పక్క ఊళ్లో ఎవరెవరు జైల్లో ఉన్నారో కనుక్కోండి. ఒక్క ఇంటికి వెళ్లి, ఆ తల్లి పక్కన కూర్చుని మొదటి ఉత్తరం రాయండి.

జోహార్.